గుమ్మం దాటిన ఫైబర్: భిలాయ్ ఇళ్లలో వైఫై మార్పిడి ఎవరి బాధ్యత?

ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2018 జూన్ 14న భిలాయ్‌లో పాల్గొన్న కార్యక్రమాల్లో మూడు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినవి. ఆధునికీకరించి విస్తరించిన ఉక్కు కర్మాగారాన్ని ఆయన జాతికి అంకితం చేశారు. భిలాయ్ ఐఐటీ శాశ్వత ప్రాంగణానికి శంకుస్థాపన చేశారు. గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ చేర్చే భారత్‌నెట్ రెండో దశ పనులను ఛత్తీస్‌గఢ్‌లో ప్రారంభించారు. పట్టాలకు, ఉక్కుకు పేరొందిన పట్టణం నుంచే గాజు తీగల పథకానికి కూడా శ్రీకారం చుట్టడం విశేషం.

నాటి నుంచి నేటి వరకు మన విధాన చర్చ అంతా ఫైబర్ ఎంత దూరం వచ్చిందన్న దాని చుట్టూనే తిరుగుతోంది. రాజధాని నుంచి జిల్లాకు, జిల్లా నుంచి పంచాయతీకి, వీధి నుంచి గుమ్మానికి. గుమ్మం వరకు వచ్చిన తీగకు ఒక సంస్థ జవాబుదారీ. గుమ్మం దాటాక ఆ సంకేతం ఏ గదికి ఎంత బలంగా చేరుతుంది, దానిని పంచే పరికరం ఎన్నేళ్లు సురక్షితంగా ఉంటుంది, దానిని మార్చవలసి వచ్చినప్పుడు ఇంట్లోని మిగతా పరికరాలు ఏమవుతాయి అన్న ప్రశ్నలు మాత్రం ఇంటివారికే మిగిలాయి. ఒకప్పుడు ఇంటికి ఒక కంప్యూటర్, రెండు ఫోన్లు ఉన్న రోజుల్లో ఇది చిన్న విషయం. ఇప్పుడు గుమ్మం మీది కెమెరా, టీవీ, గీజర్ స్విచ్, బల్బులు, ప్రింటర్, తలుపు గంట కూడా అదే సంకేతం మీద ఆధారపడుతున్నాయి. రౌటర్ మార్చడం అంటే ఇప్పుడు ఒక పెట్టె తీసి మరో పెట్టె పెట్టడం కాదు. ఇంట్లోని సంబంధాలన్నింటినీ తెగకుండా ఒక చోటి నుంచి మరో చోటికి తరలించడం.

ఇప్పుడే ఎందుకీ చర్చ?

మొదటి కారణం రేడియో తరంగాల విధానంలో వస్తున్న మార్పు. వైఫై వాడుకునే తరంగాలకు లైసెన్సు అవసరం లేకుండా చేయడం మన దేశంలో దశలవారీగా జరిగింది. 2.4 గీగాహెర్ట్జ్ పట్టీకి 2005లోను, 5 గీగాహెర్ట్జ్ పరిధిలో 605 మెగాహెర్ట్జ్ మేరకు 2018 అక్టోబరులోను ఆ వెసులుబాటు లభించింది. 6 గీగాహెర్ట్జ్ పట్టీలోని దిగువ భాగాన్ని, అంటే 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు, ఇళ్లలోపల తక్కువ శక్తితో వాడుకునేందుకు వీలుగా టెలికమ్యూనికేషన్ల శాఖ 2025 మే నెలలో ముసాయిదా నియమాలను వెలువరించింది. అమెరికా 2020లోనే ఈ పట్టీలో 1200 మెగాహెర్ట్జ్ తెరిచింది. వైఫై 7 ప్రమాణానికి అంతర్జాతీయ ధ్రువీకరణ 2024 జనవరిలో మొదలైంది. సహజంగానే దుకాణాల్లో, ఆన్‌లైన్ అంగళ్లలో కొత్త మెష్ సెట్ల ప్రకటనలు పెరిగాయి.

రెండో కారణం పాత పరికరాల ఆయుష్షు. రౌటర్ ఇనప్పెట్టె వంటిది కాదు. అందులో నడిచే సాఫ్ట్‌వేర్‌కు తయారీ సంస్థ ఎప్పటికప్పుడు మరమ్మతులు పంపుతూ ఉండాలి. ఆ మరమ్మతులు ఆగిన నాటి నుంచి పరికరం పైకి బాగానే పనిచేస్తున్నా లోపల పాతబడుతూ ఉంటుంది. గూగుల్ సంస్థ 2015లో విడుదల చేసిన ఆన్‌హబ్ రౌటర్లకు 2023 జనవరి 11తో మద్దతు ముగించింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఇంటర్నెట్ వస్తూనే ఉంది. అయితే భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి, ఫోన్‌లోని యాప్ నుంచి దానిని నిర్వహించుకునే వీలు పోయింది.

మూడో కారణం భద్రత. 2016లో మిరాయ్ అనే దుష్ట సాఫ్ట్‌వేర్ ఇళ్లలోని కెమెరాలను, రౌటర్లను వశపరచుకొని అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌ను యజమానులు మార్చకపోవడమే దానికి దారి చూపింది. మద్దతు ముగిసిన పాత రౌటర్లను నేరగాళ్లు తమ కార్యకలాపాలకు ముసుగుగా వాడుకుంటున్నారని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2025 మే నెలలో హెచ్చరించింది. అటువంటి పరికరాలను మార్చుకోవడమే మేలని సూచించింది.

కనుక మార్చడం వృథా ఖర్చు కాదు. మార్చే పద్ధతి తెలియకపోవడమే అసలు సమస్య. ఇల్లంతా ఒక రోజు ఆగిపోతుందన్న భయంతో చాలామంది పాత పెట్టెనే ఏళ్ల తరబడి కొనసాగిస్తున్నారు.

భిలాయ్‌కు ఉన్న ప్రత్యేకత

సోవియట్ సహకారంతో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయ్ ఉక్కు కర్మాగారం వెలిసింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. కర్మాగారంతో పాటే సెక్టార్ల వారీగా టౌన్‌షిప్ పెరిగింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన కార్మికులలో తెలుగువారు కూడా గణనీయంగా ఉన్నారు. మూడు తరాల తెలుగు కుటుంబాలు ఇక్కడ కనిపిస్తాయి. తాత కొలిమి దగ్గర, తండ్రి రోలింగ్ మిల్లులో పనిచేస్తే, మనవలు హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో కంప్యూటర్ ఉద్యోగాల్లో స్థిరపడిన ఇళ్లు అనేకం.

ఈ పరిణామం వల్ల వైఫైకి ఇక్కడ మరో అర్థం వచ్చింది. పదవీ విరమణ చేసి భిలాయ్‌లోనే ఉండిపోయిన తల్లిదండ్రులకు అది వినోద సాధనం మాత్రమే కాదు. సాయంత్రం పిల్లలతో మాట్లాడే వీడియో కాల్ దాని మీదనే నడుస్తుంది. మొబైల్ సంకేతం అందని లోపలి గదిలో ఫోన్ మోగాలన్నా వైఫై కాలింగే దిక్కు. గుమ్మం కెమెరాను వెయ్యి కిలోమీటర్ల అవతలి నుంచి కొడుకో కూతురో చూసుకుంటూ ఉంటారు. అటువంటి ఇంట్లో రౌటర్ మార్చి, కెమెరా తిరిగి కలవకపోతే దాని పర్యవసానం అసౌకర్యంతో ఆగదు. రౌటర్ విప్పిన క్షణం నుంచి దూరాన ఉన్నవారు ఆ ఇంటిలోకి చూడనూ లేరు, సరిచేయనూ లేరు. పెద్దవారికి మెనూలు తెలియవు. మర్నాడు వచ్చే మెకానిక్‌కు పాత పాస్‌వర్డ్ తెలియదు.

అందుకే సంక్రాంతికో దసరాకో వచ్చిన పిల్లలు తిరిగి బండెక్కే ముందు రాత్రి చేయకూడని పని ఇది. వచ్చిన మర్నాడే మొదలుపెట్టాలి. తరువాత రెండు మూడు రోజులు దగ్గర ఉండి గమనించాలి.

పరికరాలు దేనిని గుర్తుపెట్టుకుంటాయి?

మార్పిడిలో మర్మమంతా ఒక చిన్న విషయంలో ఉంది. ఇంట్లోని బల్బుకు గాని, కెమెరాకు గాని రౌటర్ ఏ కంపెనీదో పట్టదు. అవి గుర్తుపెట్టుకునేవి ముఖ్యంగా మూడు. వైఫై పేరు, దాని పాస్‌వర్డ్, భద్రతా పద్ధతి. కొత్త పరికరం ఈ మూడింటినీ పాతదానిలాగే చూపితే అధిక భాగం పరికరాలు తమంతట తామే వచ్చి కలుస్తాయి. పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం, మధ్యలో ఖాళీ, చివరి చుక్క సహా ఉన్నదున్నట్లు ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా పరికరం దృష్టిలో అది వేరే ఇల్లు.

భద్రతా పద్ధతి విషయంలో కొంత జాగ్రత్త అవసరం. పదేళ్ల కిందటి పరికరాలకు 2004 నాటి డబ్ల్యూపీఏ2 మాత్రమే తెలుసు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 వాటికి అర్థం కాదు. కొత్త మెష్‌ను కేవలం డబ్ల్యూపీఏ3 మీద పెడితే పేరు, పాస్‌వర్డ్ సరిపోయినా పాత బల్బులు కలవవు. రెండింటినీ అనుమతించే మిశ్రమ పద్ధతి చాలా రౌటర్లలో ఉంటుంది. 6 గీగాహెర్ట్జ్ పట్టీలో మాత్రం డబ్ల్యూపీఏ3 తప్పనిసరి.

చవక స్మార్ట్ పరికరాలలో అత్యధికం 2.4 గీగాహెర్ట్జ్ మీదనే పనిచేస్తాయి. ఆ పట్టీ పాతది, నెమ్మదైనది, పొరుగిళ్ల సంకేతాలతో కిక్కిరిసినది. అయినా గోడలను దాటుకొని పోగల సత్తా దానికే ఎక్కువ. వేగం కోసం దానిని ఆపివేస్తే సగం ఇల్లు మూగబోతుంది.

నాలుగో అంశం ఇంటిలోపలి చిరునామాలు. ప్రతి రౌటర్ తన కింద ఉన్న పరికరాలకు ఒక అంకెల వరుస నుంచి చిరునామాలు ఇస్తుంది. ఒక రౌటర్ 192.168.1 అనే వరుస వాడితే మరొకటి 192.168.0 వాడవచ్చు. ఫోన్లకు ఇది సమస్య కాదు, అవి ఏ చిరునామా ఇచ్చినా తీసుకుంటాయి. అయితే ప్రింటర్‌కు, కెమెరాల రికార్డర్‌కు అమర్చినవారు తరచుగా స్థిరమైన చిరునామా రాసి పెడతారు. కొత్త రౌటర్‌లో కూడా పాత వరుసనే ఉంచితే ఈ చిక్కు రాదు.

పని వరుస

ఉక్కు కర్మాగారంలో పనిచేసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఒక ఫర్నేస్‌ను పెద్ద మరమ్మతుకు దించినప్పుడు మిగిలినవి ఉత్పత్తి సాగిస్తూనే ఉంటాయి. మహామాయ అని పేరు పెట్టిన ఎనిమిదో బ్లాస్ట్ ఫర్నేస్ 2018 ఫిబ్రవరిలో మొదలయ్యేదాకా పాతవాటి మీదనే కర్మాగారం నడిచింది. కొత్తది సిద్ధమై, పరీక్ష నెగ్గిన తరువాతే పాతదానికి విశ్రాంతి. ఇంటి వైఫైకి కూడా అదే సూత్రం వర్తిస్తుంది.

మొదట జాబితా. పాత రౌటర్ యాప్‌లో గాని, సెట్టింగుల పేజీలో గాని ఏయే పరికరాలు కలిసి ఉన్నాయో కనిపిస్తుంది. వాటిని కాగితం మీద రాసుకోవాలి. ఊహించిన దానికంటే ఎక్కువే ఉంటాయి. వైఫై పేరు, పాస్‌వర్డ్, భద్రతా పద్ధతి, చిరునామాల వరుస, స్థిర చిరునామాలున్న పరికరాలు అదే కాగితం మీద ఉండాలి.

రెండోది ఇంటర్నెట్ సంస్థ నుంచి తెలుసుకోవలసిన వివరాలు. కొన్ని సంస్థలు కనెక్షన్‌కు యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తాయి. అవి రౌటర్‌లో నమోదై ఉంటాయి, వినియోగదారుడికి చాలాసార్లు తెలియవు. మరికొన్ని సంస్థలు రౌటర్ గుర్తింపు సంఖ్యను తమ వ్యవస్థలో నమోదు చేసి, వేరే రౌటర్ తగిలిస్తే ఒప్పుకోవు. ఈ వివరాలు చేతిలో లేకుండా పాతదానిని విప్పితే, సాయంత్రం వేళ కాల్ సెంటర్‌తో గంటల తరబడి మాట్లాడవలసి వస్తుంది. సంస్థ అమర్చిన ఫైబర్ పెట్టె మీదనే ల్యాండ్‌లైన్ ఫోన్ గాని, టీవీ చానళ్లు గాని వస్తుంటే దానిని అసలు తీయకూడదు. దాని వైఫైని మాత్రం ఆపి, కొత్త మెష్‌ను దానికి కేబుల్‌తో కలపాలి.

మూడోది సమాంతర పరీక్ష. కొత్త మెష్‌ను పాత రౌటర్‌కు కేబుల్‌తో కలిపి, తాత్కాలికంగా వేరే పేరు పెట్టి ప్రారంభించాలి. ఇల్లు పాత వైఫై మీద యథావిధిగా నడుస్తూ ఉంటుంది. ఈ లోపు కొత్తదానికి సాఫ్ట్‌వేర్ నవీకరణ పూర్తి చేయవచ్చు. పెట్టెలను గదులలో ఉంచి, ఒక ఫోన్‌తో ఏ మూల ఎంత వేగం వస్తుందో చూసుకోవచ్చు. ఈ దశలో రెండింటికీ ఒకే పేరు పెట్టరాదు. పరికరాలు కొన్ని ఇటు, కొన్ని అటు చేరి ఫోన్‌కు ప్రింటర్ కనబడని అయోమయం ఏర్పడుతుంది.

నాలుగోది మార్పిడి. ఇంట్లో ఆన్‌లైన్ తరగతులు, ఉద్యోగ సమావేశాలు లేని సమయాన్ని ఎంచుకోవాలి. పాత రౌటర్‌ను ఆపి, కొత్తదానిని ఫైబర్ పెట్టెకు కలిపి, తాత్కాలిక పేరు తీసేసి పాత పేరు, పాస్‌వర్డ్ పెట్టాలి. చిరునామాల వరుసను కూడా పాతదానికి సరిచేయాలి. పావుగంట వేచి చూడాలి. తిరిగి రాని పరికరాలను ఒక్కొక్కటిగా కరెంటు ఆపి వేస్తే చాలావరకు కలుస్తాయి. జాబితాలో టిక్కు పెట్టుకుంటూ పోతే ఏది మిగిలిందో తెలుస్తుంది. తొందరపడి బల్బును ఫ్యాక్టరీ రీసెట్ చేయడం చివరి మార్గమే కావాలి. రీసెట్ చేస్తే దాని సమయపట్టికలు, గదుల పేర్లు మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి.

పాత రౌటర్‌ను కూడా అలాగే నడవనిచ్చి దాని వెనుక కొత్తదానిని శాశ్వతంగా ఉంచడం చాలా ఇళ్లలో కనిపించే పొరపాటు. అప్పుడు రెండు పెట్టెలూ తామే యజమానులమని చిరునామాలు పంచుతాయి. ఇంటర్నెట్ వస్తుంది గాని, పాతదాని కింద ఉన్న కెమెరా కొత్తదాని కింద ఉన్న ఫోన్‌కు కనబడకపోవచ్చు. రెండింటిలో ఒక్కటే చిరునామాలు పంచాలి. రెండోదానిని బ్రిడ్జ్ మోడ్‌లో గాని, యాక్సెస్ పాయింట్‌గా గాని పెట్టాలి.

ఐదోది వెనక్కి వచ్చే దారి. పాత రౌటర్‌ను చెరపకుండా కనీసం రెండు వారాలు బీరువాలో ఉంచాలి. ఏదైనా తేడా వస్తే పది నిమిషాల్లో పాత స్థితికి రావచ్చు. అంతా కుదిరాక దానిని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, గుర్తింపు పొందిన ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు పాత పరికరాలను శాస్త్రీయంగా పునర్వినియోగం చేయించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద ఉంచాయి. రీసెట్ చేయకుండా పాత సామాన్లవాడికి అమ్మితే ఇంటి పాస్‌వర్డ్ కూడా దానితోపాటే పోతుంది.

పాత పేరును ఎప్పుడు వదులుకోవాలి?

ఇంతవరకు చెప్పినది కొనసాగింపు గురించి. అయితే కొనసాగింపుకు ఒక హద్దు ఉంది. ఆరేడేళ్లుగా మారని పాస్‌వర్డ్ అద్దెకున్నవారికి, పొరుగింటి పిల్లలకు, కేబుల్ వేసినవారికి, ఎప్పుడో వచ్చివెళ్లిన బంధువులకు తెలిసి ఉంటుంది. అదే పాస్‌వర్డ్‌ను ఖరీదైన కొత్త మెష్‌కు ఎక్కించడం కొత్త తలుపుకు పాత తాళం బిగించడమే. అలాగని అన్నీ మార్చేస్తే ముప్పై పరికరాలను మళ్లీ కలపాలి.

ఈ రెంటి మధ్య ఒక మంచి దారి ఉంది. చాలా మెష్ వ్యవస్థలు రెండు మూడు పేర్లతో వేరువేరు వైఫైలు నడపగలవు. కొన్నింటిలో స్మార్ట్ పరికరాలకని ప్రత్యేక వైఫై కూడా ఉంటుంది. పాత పేరును, పాత పాస్‌వర్డ్‌ను, పాత భద్రతా పద్ధతిని ఆ ప్రత్యేక వైఫైకి కేటాయించాలి. బల్బులు, ప్లగ్గులు, గీజర్ స్విచ్‌లు వాటంతట అవే అక్కడ చేరతాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, బ్యాంకు పనులు చేసే పరికరాలకు కొత్త పేరు, కొత్త బలమైన పాస్‌వర్డ్, వీలైతే డబ్ల్యూపీఏ3 పెట్టాలి. ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చడానికి ఒక నిమిషం చాలు. బల్బులో మార్చడానికి స్టూలు ఎక్కాలి. కాబట్టి సులువుగా మారగలవాటిని మార్చి, కష్టంగా మారేవాటిని ఉన్నచోట ఉంచడం వివేకం. తరువాత నింపాదిగా, వారానికి రెండు మూడు చొప్పున పాత పరికరాలకు కొత్త పాస్‌వర్డ్ ఇవ్వవచ్చు.

దీనికి ఒక షరతు ఉంది. రెండు వైఫైల మధ్య రాకపోకలను పూర్తిగా నిషేధించే మెష్‌లలో ఫోన్ నుంచి టీవీకి దృశ్యం పంపడం, ప్రింటర్ వాడడం కుదరకపోవచ్చు. ఆ రెండు పరికరాలను ఫోన్ ఉన్న వైఫైలోనే చేర్చుకోవాలి. డబ్ల్యూపీఏ2 కూడా తెలియని అతిపాత పరికరం ఏదైనా ఉంటే, దాని కోసం ఇంటి మొత్తం భద్రతను తగ్గించకుండా ఆ ఒక్కదానినే పక్కన పెట్టడం మంచిది.

గోడలు చెప్పే నిజం

మెష్ సెట్లను ఇన్ని చదరపు అడుగులకు సరిపోతాయని చెప్పి అమ్ముతారు. ఆ లెక్క అన్ని గోడలకూ ఒకేలా వర్తించదు. మందపు ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు, స్టీలు బీరువా, పెద్ద అద్దం, నీళ్ల ట్యాంకు సంకేతాన్ని గట్టిగా అడ్డుకుంటాయి. తరంగ పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఈ అడ్డంకి కూడా పెరుగుతుంది. 2.4 కంటే 5 గీగాహెర్ట్జ్, దానికంటే 6 గీగాహెర్ట్జ్ గోడ దగ్గర ఎక్కువగా నీరసిస్తాయి. అంటే వైఫై 7 అని రాసి ఉన్నంత మాత్రాన పాత క్వార్టర్‌లో వెనుక గదికి సంకేతం మెరుగవుతుందన్న హామీ ఏదీ లేదు. కొనేముందు భారత విపణికి ఉద్దేశించిన నమూనాలో 6 గీగాహెర్ట్జ్ పట్టీ ఉందో లేదో, ఇంట్లోని ఫోన్లు దానిని వాడగలవో లేవో చూసుకోవాలి. రెండూ లేనప్పుడు దానికి చెల్లించే అదనపు ధర నిష్ప్రయోజనం.

రెండో పెట్టెను సంకేతం రాని గదిలో పెట్టడం సాధారణంగా జరిగే మరో పొరపాటు. సంకేతం ఇంకా బాగా అందుతున్న చోట, రౌటర్‌కు ఆ గదికి మధ్య దారిలో పెట్టాలి. తాను వినలేని మాటను ఆ పెట్టె ఇతరులకు చేరవేయలేదు. ఒకే రేడియోతో వినడం, తిరిగి చెప్పడం రెండూ చేసే చవక మెష్‌లలో ప్రతి మజిలీకి వేగం దాదాపు సగం అవుతుంది. పెట్టెల మధ్య ఒక్క నెట్‌వర్క్ కేబుల్ వేస్తే ఈ నష్టం ఉండదు. సంస్థ క్వార్టర్లలో, అద్దె ఇళ్లలో గోడ తొలవడం కుదరకపోతే తలుపు అంచు వెంబడి, కిటికీ చట్రం మీదుగా కేబుల్ తీసుకుపోవచ్చు. చాలా ఇళ్లలో కొత్త మెష్ కంటే ముందు కావలసినది ఈ కేబులే. కరెంటు పోయినప్పుడు ఫైబర్ పెట్టెకు, రౌటర్‌కు కలిపి ఒక చిన్న యూపీఎస్ ఉంటే ఫోన్ మాటలు మధ్యలో తెగవు.

బాధ్యతను పంచుకోవలసినవారు

ఇన్ని జాగ్రత్తలు ఒక రిటైర్డ్ ఉద్యోగి తానే తెలుసుకోవాలని ఆశించడం న్యాయమా అన్నది అసలు ప్రశ్న. ఏసీ కొనేటప్పుడు నక్షత్రాల ముద్ర చూసి ఎంత కరెంటు తాగుతుందో తెలుసుకునే వీలు మన దేశంలో 2006 నుంచి క్రమంగా ఏర్పడింది. ఇళ్లలో పెట్టుకునే సీసీ కెమెరాలకు 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్షల నియమాలు అమలులోకి వచ్చాయి. ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులను ఎంత సులువుగా మరమ్మతు చేయించుకోవచ్చో తెలిపే సూచిక కోసం వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమించిన సంఘం 2025 మే నెలలో నివేదిక సమర్పించింది. ఇవన్నీ సరైన దిశలో వేసిన అడుగులు. అయితే రౌటర్ డబ్బా మీద దాని సాఫ్ట్‌వేర్ మద్దతు ఏ సంవత్సరం వరకు ఉంటుందో కొనుగోలుదారుకు కొట్టొచ్చినట్లు కనబడే ముద్ర నేటికీ మన అనుభవంలో లేదు.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలులోకి వచ్చిన చట్టం ఇందుకు ఒక నమూనా. ఇంటర్నెట్‌కు కలిసే గృహోపకరణాలకు భద్రతా నవీకరణలు కనీసం ఎప్పటివరకు ఇస్తారో తయారీదారు ముందే ప్రకటించాలి. అందరికీ ఒకే రకమైన, సులువుగా ఊహించగల పాస్‌వర్డ్‌తో వస్తువును అమ్మకూడదు. దాని వల్ల కొనేవాడు ధరను ఆయుష్షుతో భాగించి చూసుకోగలడు. మూడేళ్ల మద్దతున్న చవక సెట్టు కంటే ఎనిమిదేళ్ల మద్దతున్న ఖరీదైన సెట్టు లాభసాటి కావచ్చు.

ఇంటర్నెట్ సంస్థలు చేయగలిగిన పనులు కూడా ఉన్నాయి. కనెక్షన్ ఇచ్చిన రోజునే యూజర్ పేరు, పాస్‌వర్డ్, చిరునామాల వరుస వంటి వివరాలను ఒక కాగితం మీద వినియోగదారుడి భాషలో ఇవ్వవచ్చు. భిలాయ్ వంటి పట్టణంలో ఆ భాష హిందీ కావచ్చు, తెలుగు కావచ్చు, బెంగాలీ కావచ్చు. తాము అమర్చిన పెట్టెకు మద్దతు ముగిస్తే తామే మార్చాలి. సొంత రౌటర్ పెట్టుకుంటామన్న వినియోగదారుడికి అడ్డు చెప్పరాదు.

దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనడానికి కావలసిన కనీస వేగాన్ని 2023 జనవరిలో సెకనుకు 512 కిలోబిట్ల నుంచి 2 మెగాబిట్లకు పెంచారు. ఈ నిర్వచనం గుమ్మం వరకే కొలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో ప్రారంభమైన ఫైబర్ గ్రిడ్ అయినా, భారత్‌నెట్ అయినా అంతే. కాని వీడియో కాల్ తెగిపోయినప్పుడు తల్లికి కనబడేది గుమ్మం దగ్గరి వేగం కాదు, వెనుక గదిలో ఆగిపోయిన బిడ్డ ముఖం.

డబ్బా మీద మద్దతు ముగిసే తేదీ ఉండాలని అడగడం, కనెక్షన్ వివరాలు తన భాషలో రాసి ఇవ్వమని కోరడం వినియోగదారుడి హక్కుగా స్థిరపడాలి. అది జరిగేలోపు ప్రతి ఇంటివారూ చేయగలిగిన పని ఒకటుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్, కలిసి ఉన్న పరికరాల జాబితా, ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన వివరాలు ఒక కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు భద్రపరచాలి. రౌటర్ ఎప్పుడు పాడైనా, ఎవరు వచ్చి మార్చినా, ఆ ఇంటి పెద్దవారు పిల్లలకు దూరం కాకుండా కాపాడేది ఆ ఒక్క కాగితమే.